చేపల రసీదు వెనక

మతొజిన్యోస్ రేవు మీద పొగమంచు దిగిన పూట
మేం ముగ్గురం ఆసుపత్రి వరండాలో
అమ్మ తరఫున మాట్లాడుతున్నాం.
అమ్మ తలుపుకి అవతల ఉంది.

అన్న బెల్మీరు ఇంకో మందు ఉందన్నాడు,
లిస్బన్‌లో ఎవరికో పనిచేసిందట.
చెల్లి గ్రాసా ఇంటికి తీసుకుపోదామంది,
ఎవరైనా సొంత మంచం మీదే కదా
కన్ను మూయాలనుకుంటారు అని.
నేనేమీ అనలేదు.
నా మౌనాన్ని వాళ్ళు చెరిసగం పంచుకున్నారు.

నర్సు యూనిస్ వచ్చింది, చేతిలో ఫైలు లేదు.
మీకేం కావాలి అని అడగలేదు.
"ఈ ఖాళీ కుర్చీలో ఆవిడే కూచుంటే
ఏమంటుంది?"
ముగ్గురం ఒకేసారి నోరు తెరిచాం.
ఒకేసారి మూశాం.

నలభై ఏళ్ళు సార్డీన్ ఫ్యాక్టరీలో
తలలు తీసి చేపల్ని డబ్బాల్లో పేర్చింది అమ్మ,
ఎడమకి ఒక తోక, కుడికి ఒక తోక.
ఆమె చెప్పుల సైజు తెలుసు మాకు,
ఏ పక్కింటామెతో ఎందుకు మాటల్లేవో తెలుసు.
ఎంత నొప్పి ఓర్చుకుంటుందో
దేనికోసం ఓర్చుకుంటుందో
ఎవరం అడగలేదు.
అడిగితే చావుని పేరు పెట్టి పిలిచినట్టవుతుందని.

తెల్లవారుజామున ఐదున్నరకి
ఆమె బాగా మెలకువగా ఉంటుందని
చెప్పింది కూడా యూనిసే.
వెళ్ళాను. కాగితం దొరక్క
చేపల కొట్టు రసీదు తిరగేసి పట్టుకున్నాను.

"నీ జబ్బు గురించి నీకేం తెలుసమ్మా?"
"మీరు దాచినంతా."

"ఇంటికి పోదామా?"
తల అడ్డంగా ఊపింది.
"ఆ మెట్లు.
మీ నాన్నని దింపేటప్పుడు మలుపు దగ్గర
గోడకి కొట్టుకున్నాడు. నాకు వినపడింది.
ఇక్కడే ఉంటాను.
నేను స్నానం చేయించిన పిల్లలు
నాకు స్నానం చేయించొద్దు.
పరాయి చేతులైతే సిగ్గుండదు."

"నొప్పి?"
చాలాసేపు కిటికీకేసి చూసింది.
"కొంచెం ఉంచమను.
మొత్తం తీసేస్తే దాంతోపాటు నేనూ పోతున్నాను.
పూట నిద్ర, పూట నేను.
అలా కుదురుతుందేమో అడుగు."

"మరి... నీకు మాట పడిపోయిన రోజున?"
ఈ ఒక్క ప్రశ్నకి
నాకు యాభై రెండేళ్ళు పట్టింది.

"గొట్టాలొద్దు. పెదాలు తడపండి,
నీళ్ళతో కాదు, కాఫీతో.
మీలో మీకు తేలకపోతే నువ్వు చెప్పు, ఒటీలియా.
బెల్మీరు నన్ను వదల్లేడు,
గ్రాసా తనని తాను వదల్లేదు.
నీకు ఎదురు చెప్పడం రాదు గానీ
తూకం వెయ్యడం వచ్చు."

పదమూడో రోజున ఊపిరితిత్తుల్లో చీము చేరింది.
మాట అప్పటికే పోయింది.
"ఇది క్యాన్సర్ కాదుగా," అన్నాడు అన్న,
"దీనికి ఇంజక్షన్ ఉందిగా."
నిజమే, ఉంది.
రసీదు తీశాను. అందులో ఆ మాట లేదు.
మెట్లున్నాయి, సిగ్గుంది, కాఫీ ఉంది.
వాటి మధ్య ఖాళీల్లో
చీకట్లో గోడ తడుముకున్నట్టు
ఆమె మాటలు తడుముకుంటూ నడిచాం,
మా భయం వైపు కాకుండా ఆమె వైపు.
ఎంత దూరం వెళ్ళామో తెలీదు.

"వద్దు," అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.
అన్న లేచి వెళ్ళిపోయాడు.
ఇక రాడనుకున్నాం.
కింద కొట్లోంచి చిన్న కప్పు పట్టుకొచ్చాడు.
"చక్కెర వేశావా?" అంది గ్రాసా.
"ఆవిడ ఎప్పుడు వేసుకుంది?" అని కసిరి
స్పాంజి ముంచి పెదాలకి తాకించాడు.
పెదాలు కదిలాయి.
అది రుచో, మాటో.

రసీదు ఇంకా నా పర్సులో ఉంది.
ముందువైపు చేపల ధర వెలిసిపోయింది.
వెనక పెన్సిల్ గీతలు అలాగే ఉన్నాయి.
కొన్ని రాత్రులు తీసి చదువుతాను.
ఇంజక్షన్ గురించి
ఇప్పటికీ ఏమీ లేదు.